దారం కట్టిన సగం

లైబ్రరీ, మూడో అంతస్తు,
పుస్తకాలు బాగుచేసే గది.
మార్చి

పిన్నికి,

పార్సిలు అందింది. నవల సగం దాకా చదివేశాను. మిగతా సగానికి నువ్వు చుట్టిన దారం అలాగే ఉంది, ముట్టుకోలేదు. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారంతో పుస్తకాలు కట్టే మనిషి నువ్వు తప్ప ఇంకెవరూ ఉండరు. బల్ల మీద పెడితే గదంతా పుదీనా వాసన. చివరి పేజీ ముందు చదివే నా అలవాటు మాన్పించడానికి నువ్వు ఈ నియమం పెట్టినప్పుడు నవ్వులాటే అనుకున్నాను. ఇప్పుడు కాలు నిలవడం లేదు. సగంలో ఆపాలి, నా ఊహ రాసి పంపాలి, నువ్వు 'తియ్యి' అని రాసేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. మీ పోస్టుమాన్ నడిచి వస్తాడో పాకుతూ వస్తాడో.

ఆ అలవాటు నాకు ఊరికే రాలేదని మళ్ళీ చెబుతున్నాను. మా స్కూల్లో సిస్టర్ గారు నవలల్లో ముద్దు ఉన్న పేజీలన్నీ జిగురు పెట్టి అంటించేసేవారు. మధ్యలో ఏం జరిగిందో ఎలాగూ తెలియదు కాబట్టి చివర ఏమైందో చూసుకునేదాన్ని. ఇప్పుడు అంటుకున్న పేజీలు విడదీయడమే నా ఉద్యోగం. ఆవిడ చూస్తే ఏమంటారో.

ఇక నా ఊహ. బేకరీ నడిపే అతనూ, వంతెన కట్టడానికి వచ్చిన ఇంజనీరమ్మాయీ చివరికి కలుస్తారు. ఇందులో ఊహించడానికేముంది, అట్ట మీద ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది వేరే చోట. ఆమె వాళ్ళ అన్నయ్యతో నవ్వుతూ మాట్లాడటం అతను దూరం నుంచి చూశాడు. ఎవరో అనుకున్నాడు. అనుకుని పేజీల కొద్దీ రొట్టెలు మాడ్చాడు. 'అతనెవరు?' అని ఒక్క ప్రశ్న అడిగితే పోయేదిగా? నోరు విప్పి ఒక్క మాట అడిగితే ప్రేమ నవలలన్నీ మూడో అధ్యాయంలో అయిపోతాయి. అందుకే వాటిని నమ్మలేను. హత్య నవలలే నయం, అడగడమే డిటెక్టివుల పని.

ఇక్కడ కొత్త సంగతి ఒకటే. లిఫ్టు చెడిపోయింది. బాగుచేసే అతను లోపల పని చేస్తున్నంతసేపూ మా అంతస్తులో తలుపు తెరిచే ఉంచాలట. ఎవరైనా చూసుకోకుండా అడుగు వేస్తే గోతిలో పడతారని, ఆ తలుపు దగ్గర ఒక మనిషి కాపలా నిలబడాలట. లైబ్రేరియన్ మేడమ్ నన్ను పెట్టింది. "నువ్వెలాగూ మాట్లాడవు, స్తంభంలా నిలబడటానికి నువ్వే సరి" అంది. చేతిలో పుస్తకంతో నిలబడ్డాను. కింద చీకట్లోంచి గొంతు వచ్చింది, పైన ఎవరండీ అని. 'నేను' అన్నాను. నేనంటే ఎవరండీ అన్నాడు. పుస్తకాలు అతికించేదాన్ని అన్నాను. ఏం చదువుతున్నారో కాస్త చెప్పండి, ఇక్కడ గ్రీజు తప్ప తోడెవరూ లేరు అన్నాడు.

చెప్పాను పిన్నీ. మొదటి హత్య నుంచి మూడో హత్య దాకా చెప్పాను. మనిషి కనబడకపోతే నాకు మాటలు వస్తాయని ఇన్నాళ్ళూ నాకే తెలియదు.

నీ నత్త


క్లినిక్, ముందు గది.
మార్చి

నత్తకి,

కొమ్ములు బయటపెట్టావన్నమాట. ఫోనులో 'ఊ' తప్ప ఇంకో అక్షరం రాని పిల్లవి, మూడు హత్యలు చెప్పావంటే ఆ లిఫ్టబ్బాయిని చూడాల్సిందే. నువ్వింకా చూడలేదు కాబట్టి నేనే ముందు చూస్తానేమో.

దారం తియ్యి. నీ ఊహ సరైనదే. కానీ నీ కోపం సరైనది కాదు. అడగడం తేలికనుకుంటున్నావు. అడిగితే జవాబు వస్తుందని భయం ఉంటుంది. ఆ బేకరీ అతను అనుమానంతో రొట్టెలు మాడ్చుకుంటే రొట్టెలే పోతాయి. అడిగితే ఆమే పోవచ్చు. ఈ చిన్న సంగతి తెలియాలంటే నువ్వు ఇంకో నాలుగు ప్రేమ నవలలు చదవాలి.

నువ్వు పంపిన హత్య నవల పూర్తి చేశాను. మేడ మీద పూలకుండీల మధ్య ఇంటి యజమాని పడి ఉండటం వరకు బాగుంది. మొక్కలకి నీళ్ళు పోసే ఆవిడే చేసిందని నేను సగంలోనే రాశానా లేదా? మరీ మర్యాదగా మాట్లాడింది, అందుకే పట్టుకున్నాను. కానీ ఆ డిటెక్టివ్ ఆఖరి అధ్యాయంలో జేబులోంచి ఒక తాళం చెవి తీస్తాడు చూడు, అది అంతకుముందు మనకెక్కడా చూపించలేదు. అది మోసం. చూపించినవాటిల్లోంచే తేల్చాలి. మా పళ్ళ డాక్టర్ గారు పన్ను పీకి, ఇది ముందే పుచ్చిపోయిందమ్మా అన్నట్టుంది.

మీ బాబాయి సంగతి అడుగుతావని నేనే రాస్తున్నాను. బాగానే ఉన్నాడు. కారు నేర్చుకునేవాళ్ళు ఎక్కువయ్యారు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్లచ్ వదలండి, అద్దం చూడండి అంటూనే ఉంటాడు. నేను నేర్చుకున్నప్పుడు డాక్టర్ గారి గేటుకి గుద్దాను కదా, ఆ సొట్ట ఇంకా ఉంది. రోజూ దాని పక్క నుంచే లోపలికి వస్తాను. నేర్పే కారు కాబట్టి అప్పుడు అతని కాలి కింద కూడా రెండో బ్రేకు ఉండేది. ఉన్నా తొక్కలేదు. ఎందుకు తొక్కలేదంటే నన్ను చూస్తున్నానన్నాడు. అక్కడితో నా పని అయిపోయింది. ఆ తర్వాత మా సొంత కారులో అతని వైపు బ్రేకు లేకపోయినా తొక్కడం మొదలుపెట్టాడు. నేను నడుపుతుంటే పక్కన కూర్చుని నేలని తొక్కుతూనే ఉంటాడు. కాలి కింది మ్యాట్ చిరిగిపోయింది. నన్ను నమ్మవా అని ఎన్నిసార్లు పోట్లాడానో.

ఎవరో పన్ను పట్టుకుని వచ్చారు. ఉంటాను.

పిన్ని


లైబ్రరీ, మూడో అంతస్తు, మెట్ల పక్కన.
మే

పిన్నికి,

ఇది పుస్తకాల గురించి కాదు. చివర్లో కాస్త ఉంటుంది.

లిఫ్టు పని నెలల తరబడి సాగుతోంది. లిఫ్టుని లాగే రోపు తెప్పిస్తే సైజు తప్పు వచ్చిందట, వెనక్కి పంపారు. అతను వచ్చినప్పుడల్లా తలుపు తెరుస్తాడు, నేను నిలబడతాను. అతను అస్సలు చదవడు. కానీ కథ చెప్పించుకుంటాడు. సగంలో ఆపి, ఎవరు చంపారో చెప్పండి అంటాను, మన నియమం ప్రకారమే. అతనికి ఎవరి మీదా అనుమానం రాదు పిన్నీ. విషం సీసా చేతిలో పట్టుకుని దొరికినవాణ్ణి కూడా, పాపం ఏం కష్టం వచ్చిందో అంటాడు. ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదు. ఇలాగైతే హంతకులందరూ మీ ఇంట్లోనే ఉంటారు అన్నాను. భోజనం పెట్టి పంపిస్తాను అన్నాడు.

నిన్న కథ అయిపోయాక కాసేపు రెంచి చప్పుడే వినబడింది. తర్వాత అన్నాడు, ఈ పని అవగానే కంపెనీ తనని వేరే ఊరికి వేస్తోందని. ఆ తర్వాత అన్నాడు, "మిమ్మల్ని పెళ్ళి చేసుకుంటానని అడిగితే ఏమంటారు?"

చేతిలో పుస్తకం మూసి, మళ్ళీ తెరిచాను. కింద నుంచి "వెళ్ళిపోయారా?" అన్నాడు.

"లేదు, ఇక్కడే ఉన్నాను" అన్నాను.

అయితే ఆలోచించుకోమన్నాడు. లిఫ్టు పైకి వచ్చేలోపు చెప్తే చాలన్నాడు.

అప్పటినుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. ఒకే పేజీకి రెండుసార్లు జిగురు రాశాను. మంచివాడు. నవ్విస్తాడు. అవి రెండూ సగానికి ముందు పేజీలు. తర్వాతి సగం ఎవరు చూశారు? నాకు తెలిసి ఆఖరి దాకా చదివిన ప్రేమకథ మీదొక్కటే. అమ్మ కూడా ఎవరింట్లో గొడవైనా, మా చెల్లెల్ని చూడండి, గేటుకి గుద్ది మొగుణ్ణి తెచ్చుకుంది, ఎంత హాయిగా ఉంది అంటుంది. అందుకే నిన్ను అడుగుతున్నాను. నీకు ఎలా తెలిసింది? తెలిసింది నిజమేనా? ఒక్క ముక్క రాస్తే చాలు. నువ్వు సరే అంటే సరే అంటాను.

పుస్తకం సంగతి: అందగాడైన డాక్టరూ, కోపిష్ఠి పక్కింటామే. బాగానే ఉంది. ఊహ రాయను, బుర్ర పనిచేయడం లేదు.

నత్త


క్లినిక్, ముందు గది.
మే

నత్తకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జవాబు తర్వాత రాస్తాను. ఇవాళ జనం ఎక్కువ.

నువ్వు అడిగినదానికి కాదు గానీ, ఈమధ్య ప్రేమ నవలలు చదువుతుంటే నాకు విసుగొస్తోంది. అందరూ పెళ్ళి దగ్గర ఆపేస్తారు. రచయిత దీపం ఆర్పేసి ఇంటికి వెళ్ళిపోతాడు. తర్వాత ఆ ఇద్దరూ చీకట్లో బల్లలు తగులుకుంటూ తిరగాలి. నవ్వించేవాళ్ళని చూసి ఊరికే పడిపోకు. మనుషులు ఒకచోట నవ్వంతా ఖర్చు చేసుకుని ఇంకోచోటికి ఖాళీగా రావచ్చు.

దీనితో ఇంకో నవల పంపుతున్నాను. ఇది పెళ్ళయిన మర్నాటి నుంచి మొదలవుతుంది. అలాంటివి తక్కువ. సగానికి దారం కట్టాను. ఈసారి గట్టిగా కట్టాను.

పిన్ని


లైబ్రరీ, బాగుచేసే గది.
జూన్

పిన్నికి,

నువ్వు 'తర్వాత రాస్తాను' అన్న జవాబు రాలేదు. కాబట్టి నేనే వెతుక్కున్నాను.

ఈమధ్య చదివిన హత్య నవలలో ఒక ముసలి ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. పడవలో హత్య జరుగుతుంది, ప్రయాణికులందరూ ఏదో ఒకటి దాస్తుంటారు. ఆయన వాళ్ళు చెప్పేది వినడు. ఎప్పుడూ చెప్పేది ఇవాళ చెప్పడం ఎవరు మానేశారో అదే చూస్తాడు. నేను ఇటీవల చదివినవాటిల్లో అదే మంచిది. చదివి, నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచాను.

ఇదివరకు నువ్వు 'వంటింటి బల్ల దగ్గర' అని రాసేదానివి, ఒక్కోసారి 'వెనక వరండా' అని. చలికాలం నుంచి అన్నీ క్లినిక్ నుంచే. ఇదివరకు ప్రతి ఉత్తరం కింద బాబాయి ఒక వంకర లైను రాసేవాడు, 'నత్తా, గేరు మార్చు' అని. అది పోయింది. పార్సిలుకి ఇదివరకు మీ ఇంటి పాత పేపర్లు చుట్టేదానివి. ఇప్పుడు పళ్ళ బొమ్మలున్న క్లినిక్ కాగితం. బాబాయి ఏమంటున్నాడో రాస్తావు గానీ, అన్నీ పాత మాటలే. కొత్తది ఒక్కటీ లేదు.

నువ్వు ఇంట్లో ఉండటం లేదు. క్లినిక్ పైన ఆ మందుల పెట్టెలు పెట్టే గది ఉందన్నావే, అక్కడ ఉంటున్నావు.

కారణం కూడా తేల్చాను. నీకు ఎలా మొదలైందో అలాగే ఇంకొకరికి మొదలై ఉంటుంది. పక్క సీట్లో ఎవరో ఒకావిడ, కొత్తగా నేర్చుకుంటున్నది. బాబాయి బ్రేకు తొక్కకుండా చూస్తూ ఉండిపోయి ఉంటాడు. నువ్వు పంపిన నవలకి కూడా అదే నా ఊహ. అందులో మొగుడూ పెళ్ళాలు ఒక బల్ల దగ్గర తినడం మానేశారు అంటే, దారం కట్టిన సగంలో మూడో మనిషి ఉంటుంది. ఉండి తీరాలి.

కొత్త రోపు వచ్చింది. ఈసారి సైజు సరిపోయిందట. త్వరలో లిఫ్టు పైకి వచ్చేస్తుంది. నేను వద్దని చెబుదామనుకుంటున్నాను. మీ కథకే అలా అయితే నా కథ మీద నాకు ఏ నమ్మకం?

తప్పైతే తిట్టు. కానీ రాయి.

నత్త


క్లినిక్ పైన గది.
జూన్

నత్తకి,

గది సంగతి సరిగ్గానే పట్టావు. మందుల పెట్టెల మధ్యే ఉంటున్నాను. మంచం పక్కన మత్తు మందు డబ్బాలున్నాయి, అయినా నిద్ర రావడం లేదు.

మిగతాదంతా తప్పు. అంత తెలివిగా వెతికి చివరికి 'ఎవరో ఒకావిడ' అనే చోట తేలావు. నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. పాపం మీ బాబాయి దగ్గర ఇప్పుడు నేర్చుకునేవాళ్ళలో ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకొకరు ఆయన భార్య. వాళ్ళిద్దరూ కారులో కొట్టుకుంటుంటే మధ్యలో ఈయన.

ఎవరూ లేరు. అదే చెప్పలేకపోయాను. ఎవరైనా ఉంటే మీ అమ్మకి ఎప్పుడో ఫోను చేసి ఏడ్చేదాన్ని. ఆయన పగలంతా మాట్లాడి మాట్లాడి ఇంటికి వస్తాడు, ఇక మాట మిగలదు. నేను పగలంతా నోరు తెరుచుకున్నవాళ్ళతో మాట్లాడతాను, ఒక్కరూ జవాబు చెప్పలేరు. జవాబు రాకపోవడం అలవాటైపోయింది. అన్నం పెట్టమంటాడు, పెడతాను. గిన్నెల చప్పుడే మా ఇంట్లో గట్టిగా వినబడేది. చలికాలంలో ఒక ఆదివారం కారులో నది ఒడ్డుదాకా వెళ్ళాం. వెళ్ళేటప్పుడు ఒక్క మాట లేదు. వచ్చేటప్పుడు ఒక్క మాట లేదు. ఇంటి ముందు ఆగాక, నేను కొన్నాళ్ళు క్లినిక్‌లో ఉంటాను అన్నాను. సరే అన్నాడు. సరే అంటే సరేనే. ఆపలేదు.

ఇందులో హంతకుడు లేడు నత్తా. వెతకకు. నీ సంగతి తేల్చుకోవడానికి నన్ను సాక్ష్యంగా పెట్టుకోకు. సరే అనమని నేను అనలేను, వద్దనమనీ అనలేను. నేను సగంలోనే ఉన్నాను.

మీ అమ్మకి చెప్పకు. ఆవిడకి చెప్పుకోవడానికి ఉన్నది ఈ గేటు కథ ఒక్కటే.

పిన్ని


లైబ్రరీ, లిఫ్టు తలుపు పక్కన.
జులై

పిన్నికి,

ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. తలుపు తెరిచి ఉంది, కదలకూడదు.

ముందుగా, బాబాయి విషయంలో అలా రాసినందుకు సిగ్గుగా ఉంది. పుస్తకాల్లో ప్రతి బాధకీ ఒక మనిషిని వెతికి పట్టుకుంటారు. నాకూ అదే అలవాటైంది.

ఇవాళ అతనికి చెప్పడానికి కొత్త పుస్తకం లేదు. కాబట్టి మీ కథ చెప్పాను. కోప్పడకు. ఎవరిదో చెప్పలేదు, చదివిన నవలే అన్నాను. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే ఆమె, కారు నేర్పే అతను, మాట మిగలని ఇల్లు, ఆదివారం ప్రయాణం. ఆమె వెళ్ళిపోవడం దగ్గర ఆపాను. చెప్పండి, తప్పెవరిది అన్నాను. ఎవరిదీ కాదంటాడని నాకు తెలుసు. అదే అన్నాడు. అలా అంటే వద్దని చెప్పేద్దామని లోపల సిద్ధంగా ఉన్నాను. ఎవరిదీ తప్పు లేకుండా కూడా పాడైపోయేటట్టయితే ఇందులోకి దిగడం ఎందుకు?

అప్పుడు కింద రెంచి ఆగింది. అతను అడిగాడు.

"ఆ రోజు కారు ఎవరు నడిపారు?"

తెలియదన్నాను. అంత కథ చెప్పి అదే తెలియదంటారేమిటండీ అన్నాడు. నాకు చిరాకేసింది. ఎవరు నడిపితే ఏమిటి? రోపులూ మోటార్లూ చూసుకునే మనిషి కాబట్టి అలాగే అడుగుతాడు అనుకున్నాను. కానీ మధ్యాహ్నం నుంచి అదే బుర్రలో తిరుగుతోంది. నిజంగా నువ్వు రాయలేదు. వెళ్ళాం అన్నావు, వచ్చాం అన్నావు, ఆగాక అన్నావు.

ఎవరు నడిపారు?

అతనికి ఇంకా ఏమీ చెప్పలేదు.

నత్త


క్లినిక్ పైన గది.
జులై

నత్తకి,

నేను.

ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. నేనే నడిపాను. ఆయన పక్కన కూర్చున్నాడు. దారిలో మలుపులున్నాయి, ఒక చోట గొర్రెలు అడ్డం వచ్చాయి, ఒక చోట లారీ మీదకి వచ్చినంత పని చేసింది. ఆయన కాలు కదల్లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి. చిరిగిన మ్యాట్ మీద రెండు పాదాలూ అలా పెట్టుకుని కిటికీ లోంచి చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు చూశాను. వచ్చేటప్పుడు కావాలని కాస్త వేగంగా కూడా నడిపాను. అయినా తొక్కలేదు.

నేను గుద్దుకుంటే ఏమవుతుందోననే భయం కూడా ఆయనకి పోయిందన్నమాట అనుకున్నాను. ఇంటికి వచ్చేదాకా అదే అనుకున్నాను. ఇక అక్కడ ఉండబుద్ధి కాలేదు.

ఒక మనిషి కాలు కదపలేదని ఇల్లు వదిలేసినదాన్ని ఏ నవలలోనైనా చదివావా?

పిన్ని


లైబ్రరీ.
జులై

పిన్నికి,

చదవలేదు. కానీ నువ్వే అన్నావు, చూపించినవాటిల్లోంచే తేల్చాలని. మ్యాట్ గురించి నువ్వే మార్చిలో రాశావు. నన్ను నమ్మవా అని ఎన్నోసార్లు పోట్లాడానని కూడా రాశావు. ఆ మాట విని విని ఆ రోజు ఆపుకున్నాడేమో? ఒకే కాలు. నువ్వు ఒకటి అనుకున్నావు, ఇంకోటి కూడా అనుకోవచ్చు.

నాకు తెలియదు. ఒకసారి తప్పు తేల్చాను, మళ్ళీ తేల్చను. ఆయన్నే అడుగు. బేకరీ అతని మీద నేను ఎంత కోప్పడ్డానో నీకు గుర్తుంది కదా. జవాబు వస్తుందని భయం అన్నావు. రానీ.

లిఫ్టు పరీక్ష ఈ వారంలోనే. మోటారు తిరుగుతుంటే నా బల్ల అదురుతోంది.

నత్త


కారులో, క్లినిక్ గేటు ముందు.
జులై

నత్తకి,

అడిగాను. ఫోనులో కాదు, వెళ్ళి అడిగాను. లెక్కల మాస్టారి క్లాసు అయ్యేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాను. మాస్టారు దిగాక ఆ సీట్లో కూర్చుని, ఆ రోజు బ్రేకు ఎందుకు తొక్కలేదు అని అడిగాను. ఏ రోజు అని కూడా అనలేదు. ఆయనకి వెంటనే తెలిసిపోయింది.

ఏమన్నాడో అలాగే రాస్తున్నాను. "తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రెండు కాళ్ళూ బిగబట్టుకుని కూర్చున్నాను. గొర్రెల దగ్గర పిక్క పట్టేసింది. మాట్లాడితే కాలు లేచిపోతుందని నోరు కూడా మూసుకున్నాను."

వచ్చేటప్పుడు నేను వేగంగా నడుపుతుంటే ప్రాణం పోయిందట. ఇంటి ముందు ఆగాక, ఎలా ఉంది, ఒక్కసారి కూడా తొక్కలేదు చూశావా అని చెబుదామనుకుంటున్నాడట. అంతలో నేను వెళ్ళిపోతానన్నాను. ఇంతచేసినా వెళ్ళిపోతానంటే ఇక ఏం చేసినా లాభం లేదని సరే అన్నాడట. పిక్క రెండు రోజులు నొప్పి పెట్టిందట.

నాకు నవ్వు రాలేదు. ఆయనకీ రాలేదు. క్లినిక్ దాకా వచ్చి, మేమిద్దరం కారులోనే కూర్చుని గేటు మీద సొట్ట వైపు చూస్తూ ఉండిపోయాం. తర్వాత నీ గురించి చెప్పాను.

ఇంటికి ఇంకా వెళ్ళలేదు. అన్నం దగ్గర మాటలు అంత తొందరగా పుట్టుకురావు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇప్పటికి ఆదివారాలు కారులో వెళుతున్నాం. నేనే నడుపుతాను. నీ ఇష్టం వచ్చినట్టు తొక్కుకో అన్నాను. కొత్త మ్యాట్ వేయించాడు.

నీ దగ్గరున్న నవల దారం తియ్యి. మూడో మనిషి లేదు. అంతకుమించి చెప్పను. ఆ అబ్బాయికి ఏమన్నావు? ఏదో ఒకటి త్వరగా రాయి. ఇక్కడ కాలు నిలవనిది ఇప్పుడు నాకే.

పిన్ని

(నత్తా, ఆ ప్రశ్న అడిగినవాడికి లైసెన్సు ఉందా? గేరు మార్చు. బాబాయి.)


లైబ్రరీ, మూడో అంతస్తు.
ఆగస్టు

పిన్నికి, బాబాయికి,

దారం తియ్యలేదు. నువ్వు తియ్యమన్నాక కూడా అలాగే ఉంచడం ఇదే మొదటిసారి. పుదీనా వాసన పోయింది. ఎప్పుడో ఒకప్పుడు చదువుతాను.

లిఫ్టు అయిపోయింది. నిన్న మధ్యాహ్నం మా అంతస్తులో తలుపు దానంతట అదే తెరుచుకుంది. లోపల అతను, చేతిలో పనిముట్ల పెట్టె. ఇన్ని నెలల్లో అతన్ని దీపం వెలుతురులో, అంత దగ్గరగా, ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. చెవి మీద గ్రీజు ఉంది. ఒకసారి ఎక్కి చూడండి, మీరే మొదలు అన్నాడు. ఎక్కాను.

తలుపు మూసుకుంది. ఇక కాపలా ఉండాల్సిన గొయ్యి లేదు, చెప్పడానికి కథ లేదు. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట రాదని నీకు తెలుసు. అతను అడగలేదు. గోడ మీద అంకెలు చూస్తున్నాడు. లిఫ్టు దిగుతోంది. బాబాయిని ఒక సంగతి అడుగు. లేని బ్రేకు తొక్కడం అందరికీ వస్తుందా? కిందికి దిగుతున్నంతసేపూ నా కాలు నేలని నొక్కుతూనే ఉంది. అతను చూశాడు. భయమా అన్నాడు. అవునన్నాను. లిఫ్టంటేనా అన్నాడు. కాదన్నాను.

అంతలో కిందికి వచ్చేశాం. తలుపు తెరుచుకుంది. ఎదురుగా లైబ్రేరియన్ మేడమ్, పుస్తకాల బండితో. "అబ్బ, ఇన్నాళ్ళకి" అంటూ బండి ముందుకి తోసింది. నేను చెయ్యి చాపి తలుపు మూసే బటన్ నొక్కాను. ఆవిడ మొహం మీదే. ఆవిడ నోరు అలాగే తెరిచి ఉంది, మీ క్లినిక్‌లో కూర్చున్నట్టు. తర్వాత మూడో అంతస్తు బటన్ నొక్కాను. పైకి వచ్చేలోపు చెప్పాను.

ఏం చెప్పానో రాయను. ఇక్కడికి సగం. నీ ఊహ రాసి పంపు. నేను 'తియ్యి' అని రాసేదాకా అమ్మకి మాత్రం ఫోను చేయకు.

నత్త